చెడ్డవాడు లేని బొమ్మ

మొన్న ఆదివారం సాయంత్రం నాలుగూ పదికి ప్రొద్దుటూరులో మా వీధికి కరెంటు పోయింది. టీవీలో సినిమా సగంలో ఆగిపోయింది. నా పక్కన చాప మీద కూర్చుని బొరుగులు తింటున్న మునిమనవరాలు, "అవ్వా, దీంట్లో విలన్ ఎవరు?" అని అడిగింది. ఎవరూ ఉన్నట్టు లేదమ్మా అన్నాను. "లేకుంటే ఎట్ల? ఎవరో ఒకరు ఉండల్ల గదా," అంది. చిన్నపిల్ల మామూలుగా అన్న మాట. కరెంటు వచ్చాక అది మిగతా సినిమా చూసింది. నేను మాత్రం వంటింట్లోకి పోయి, చేసే పనేమీ లేకపోయినా అక్కడే నిలబడ్డాను.

మా ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఆయన ఉంటే ఆ మాటకు నవ్వేవాడు కాదు. మా పెళ్లయిన కొత్తలో ఆయన టూరింగ్ టాకీసు నడిపేవాడు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు ముగిసి, ప్రతి కాగితానికీ హైదరాబాదు వైపు చూడడం మొదలైన కాలం. ఫిల్ము పెట్టెలు రైల్లో ఎర్రగుంట్ల దాకా వచ్చి, అక్కడ బస్సు పైకెక్కేవి. కోతలు అయిపోయాక డేరా ఎత్తుకుని చాపాడు మొదలు జమ్మలమడుగు పల్లెల దాకా తిరిగేవాళ్లం. ఆడవాళ్ల వైపు టికెట్లు ఇచ్చే పని నాది. ఎనిమిదో తరగతి దాకా చదివినందుకు నాకు దక్కిన ఉద్యోగం అదొక్కటే. సినిమా వేసే మిషను ఒకటే కాబట్టి ఒక రీలు అయిపోయి ఇంకోటి ఎక్కించేదాకా డేరాలో దీపాలు వేసేవాళ్లు. జనం ఆ వెలుతురులో బీడీలు ముట్టించుకుని, అంతవరకు నడిచిన కథ మీద తీర్పులు చెప్పుకునేవాళ్లు. కూర్చునే నేలంతా ఇసుక. చెడ్డవాడు తెర మీదికి వస్తే పిడికెడు ఇసుక తీసి వాడి ముఖాన కొట్టడం ఆ పల్లెల్లో అలవాటు. సినిమాను బొమ్మ అనేవాళ్లు. ఎంత ఇసుక పడితే బొమ్మ అంత బాగున్నట్టు. మకాం ఎత్తేముందు తెర చిరుగులు కుట్టేది కూడా నేనే.

అందుకే మా ఆయన బొమ్మ తెచ్చేటప్పుడు హీరో ఎవరని కాక, చెడ్డవాడు ఎవరని అడిగేవాడు. "వాడు గట్టిగా ఉంటే ఊరు సల్లగా ఉంటాది," అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గాని అది హాస్యం కాదు. మేము తిరిగే ఊళ్లు చాలావరకు రెండు పక్షాలుగా చీలినవి. డేరాలో మధ్య దారికి అటు ఒక పక్షం, ఇటు ఒక పక్షం కూర్చునేవాళ్లు. చేతికర్రలు లోపలికి తేకూడదు. ఒక పక్షం వాళ్లవి ఒక గుంజకు, రెండో పక్షం వాళ్లవి ఇంకో గుంజకు ఆనించి రావాలి. అంత పగలున్న మనుషులు ఒకే మనిషిని కలిసి తిట్టడం నేను ఆ డేరాలోనే చూశాను.

ఒక వేసవిలో డేరా మా పుట్టింటి ఊరికి పోయింది. జమ్మలమడుగు అవతల, పెన్న ఒడ్డు. అక్కడ ఒక పక్షం మా నాయనది, రెండో పక్షం మా చిన్నాయనది. సొంత అన్నదమ్ములు. ఇద్దరికీ కలిపి ఒకే బావి, ఏ పూట ఎవరి మోట తోలాలి అన్నదే తగాదా. మాటలు లేవు. ఇద్దరి మధ్య తిరిగే మనిషి ఒక్కడే, మా మేనత్త భర్త. నేనే కాదు, ఊరంతా ఆయనను మామ అనేది. పొద్దున్నే బావి గట్టున నేలలో ఒక కట్టె నాటేవాడు. దాని నీడ తాను గీసిన గీత దాటితే అన్న వంతు అయిపోయి తమ్ముడి వంతు మొదలయ్యేది. మధ్యాహ్నం ఏ ఇంట్లో మజ్జిగ బాగుందని తెలిస్తే ఆ ఇంట్లో తినేవాడు. ఇక్కడి మాట అక్కడ చెప్పేటప్పుడు దానిలోని వేడి తీసేసి చెప్పేవాడు. ఆ మనిషికి ఏమన్నా అయిన రోజు ఈ ఊళ్లో తలలు లేచిపోతాయని మా అమ్మ భయపడేది. ఆయన జలుబు చేసి తుమ్మినా అమ్మ మిరియాల కషాయం పంపేది.

మా ఊళ్లో ఆట ఉన్న పూట ఫిల్ము పెట్టె ఆలస్యంగా వచ్చింది. చూసే వ్యవధి లేక మా ఆయన చూడకుండానే ఆడించాడు. కథలో ఒక తల్లి, ఇద్దరు కొడుకులు. పెద్దవాడి భార్యకు జబ్బు. వైద్యానికి పొలం అమ్ముదామంటాడు. పొలం అమ్మనని తల్లి చనిపోయేముందు ఆమెకు చిన్నవాడు మాట ఇచ్చి ఉన్నాడు. అంతే కథ. మొదటి రీలు అయిపోయి దీపాలు వేసినప్పుడు జనం ఇంకా సరదాగానే ఉన్నారు.

"ఏందప్పా, చెడ్డోడు ఇంకా రాలేదే?"

"వస్తాడులే బావా, ఎర్రగుంట్లలో బండి తప్పిపోయింటాది."

మూడో రీలు అయ్యాక నవ్వులు లేవు. "ఈ చిన్నోడే అయ్యుంటాడు. వదిన సస్తాంటే పొలమంటాడు సూడు," అని మా నాయన వైపు నుంచి ఎవరో అన్నారు. "అమ్మకిచ్చిన మాట తప్పమంటావా? పెద్దోడై పుట్టినంత మాత్రాన అంతా వాని సొత్తా?" అని అవతల నుంచి వచ్చింది. అప్పటికే వాళ్లు మాట్లాడేది తెర మీది మనుషుల గురించి కాదు. నా వెనక ఒక ముసలామె, "ఎవురిదీ తప్పు గాదు గదమ్మా," అంది. పక్కనామె, "అట్లయితే ఇంతసేపు కూచోని ఎవుర్ని తిట్టల్ల?" అంది. గుడ్డ తెర సందులోంచి నేను మగవాళ్ల వైపు చూశాను. మా నాయన కుర్చీలో కదలకుండా ఉన్నాడు. చిన్నాయన తన కుర్చీలో అలాగే ఉన్నాడు. కింద కూర్చున్న వాళ్ల పిడికిళ్లలో ఇసుక ఉంది. కొట్టడానికి ఎవరూ దొరక్క ఇసుక అలాగే పట్టుకుని కూర్చున్నారు. మామ మధ్య దారిలో గొంతుక్కూర్చుని అటూ ఇటూ తల తిప్పి చూస్తున్నాడు.

ఆ తర్వాతి రీలు నడుస్తుండగా నేను బయటికి వచ్చాను. రెండు గుంజల దగ్గరా కర్రలు తగ్గి ఉన్నాయి. ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో తెలియదు. మిషను గదిలోకి పోయి మా ఆయనకు చెప్పాను. ఆయన ఆపరేటరును, "సాయిబూ, కడాకు ఏమైతాది?" అని అడిగాడు. ఆపరేటరు ఆఖరి రీలును చేత్తో విప్పి దీపానికి అడ్డంగా పట్టి చూసి, "ఇద్దరూ ఇంటి ముందర అరుగు మీద కూచుంటారప్పా. అంతే," అన్నాడు.

"ఎవరో ఒకరు తప్పు ఒప్పుకోరా?"

"ఒప్పుకునే మాదిరి లేదు. ఊరికే కూచుంటారు."

మా ఆయన గది మూలకు చూశాడు. ముందు ఊళ్లో ఆడిన బొమ్మ పెట్టె ఇంకా వెనక్కి పంపలేదు, మూలనే ఉంది. ఆఖరి రీలుకు బదులు దానిలోని కొట్లాట రీలు తీయమన్నాడు. "మనుషులే వేరే గదప్పా," అన్నాడు ఆపరేటరు. "వానలో, చీకట్లో కొట్టుకుంటారు. మొగాలు ఎవురు సూస్తారు," అని మా ఆయన మైకు చేత్తో పట్టుకున్నాడు. అన్నదమ్ముల మధ్య చిచ్చు పెట్టినవాడు ఒకడు ఉన్నాడని, ఇప్పుడు వాడు దొరకబోతున్నాడని చెప్పాడు. తెర మీదికి నల్ల కంబళి కప్పుకున్న ఒక మనిషి వచ్చాడు. డేరా మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలినట్టయింది. రెండు వైపుల నుంచీ ఇసుక లేచింది. మామ కూడా లేచి రెండు పిడికిళ్లు కొట్టాడు. ఆట అయ్యాక మా నాయన, "బొమ్మ బాగుండాది అల్లుడా," అని పోయాడు. చిన్నాయన నా తల మీద చెయ్యి పెట్టి, "కడాకన్నా వచ్చినాడు లేమ్మా, రాడేమో అనుకుంటి," అన్నాడు. వాళ్లు కర్రలు భుజాన వేసుకుని మాట్లాడుకుంటూ పోతుంటే మా ఆయన, నేను డేరా గుంజ పట్టుకుని నిలబడ్డాం.

తెల్లవారి ఊళ్లో అదే మాట. మొదట నవ్వులాటగానే మొదలైంది. మన ఊళ్లో కంబళోడు ఎవురప్పా అని ఒకరినొకరు అడుక్కున్నారు. రెండిళ్లలోనూ తినేది ఎవరు? ఇక్కడి మాట అక్కడ చెప్పేది ఎవరు? మామ ఆ మాట విని, "నాకు కంబళి గూడా ఉండాది, సరిపాయె," అని నవ్వాడు. మూడు నాలుగు రోజులకు బావి గట్టున ఆయన నాటిన కట్టెను ఎవరో పీకేశారు. ఒక సాయంత్రం వీధిలో పోతుంటే వెనక నుంచి ఆయన వీపు మీద పిడికెడు ఇసుక పడింది. తిరిగి చూస్తే అరుగుల మీద అందరూ కూర్చునే ఉన్నారట, ఎవరూ ఆయన వైపు చూడడం లేదట. ఆ సంగతి మా అమ్మతో చెప్పేటప్పుడు మామ నవ్వలేదు.

మా నాయన దాన్ని నమ్మాడని చెప్పలేను, నమ్మలేదనీ చెప్పలేను. తమ్ముడిది తప్పు కాదు అనుకోవడానికి ఆయనకు ఒక దారి దొరికింది. చిన్నాయనకూ అంతే. ఒకరి మీద ఒకరికి మిగిలిన ఆ కాస్త ప్రేమ కోసం ఇద్దరూ నోరు మూసుకున్నారు. నెల తిరగకముందే మామ గడ్డివామి కాలిపోయింది. మరుసటి పొద్దున ఆయన మా అత్తను బండిలో కూర్చోబెట్టుకుని పులివెందుల పోయాడు. అన్నదమ్ములు కొద్దిరోజులు పలకరించుకున్నారు కూడా. తర్వాత వంతు చెప్పేవాడు లేక బావి గట్టున మాటా మాటా పెరిగింది. రెండు వైపులా మనుషులు పడ్డారు. ఆ పేర్లు నేను ఇక్కడ రాయను, వాళ్ల పిల్లలు ఉన్నారు.

ఆ ఏడాది గండి గుడికి మొక్కు తీర్చాలని చెప్పి మేమిద్దరం పులివెందుల పోయాం. మామ గోడకు వీపు ఆనించి, వాకిలి కనిపించేటట్టు కూర్చుని ఉన్నాడు. దీపాలు పెట్టకముందే తలుపు గడియ వేస్తాడని అత్త చెప్పింది. మా ఆయన జరిగింది దాచకుండా చెప్పాడు. ఆ కంబళి మనిషి వేరే బొమ్మలోవాడని కూడా చెప్పాడు. మామ వాకిలి మీద నుంచి చూపు తిప్పి, "అయితే అసలు బొమ్మలో కడాకు ఏమైతాదప్పా?" అని అడిగాడు.

"ఇద్దరూ అరుగు మీద కూచుంటారు."

"దగ్గరదగ్గరగానా?"

"మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా ఉంటాది."

"ఆ పొద్దు అది సూపించింటే ఆడనే తలకాయలు పగిలేటివి. నువ్వు చేసింది సరే," అన్నాడు మామ. అని, వాకిలి వైపు చూసి, "నీళ్లు తాగండి. పొద్దుండంగానే బయల్దేరండి," అన్నాడు.

మామ కొన్నేళ్లకు జ్వరంతో పోయాడు. మా నాయన వచ్చాడు, చిన్నాయన వచ్చాడు. పాడెకు అటొకరు ఇటొకరు నిలబడి, ముందర ఎవరు పట్టాలో తేలక చాలాసేపు కదల్లేదు. అది చెప్పవలసిన మనిషి పాడె మీద ఉన్నాడు.

ఇప్పుడు వాళ్లెవరూ లేరు, మా ఆయనా లేడు. తప్పు ఎవరిదని నేను చాలా ఏళ్లు వెతికాను. వయసు మీద పడ్డాక వెతకడం మానుకున్నాను గాని, చెడ్డవాడు ఎవరో ఒకరు ఉండాలి అనే మాటంటే భయం మాత్రం పోలేదు. కాలం దాన్ని కొంచెం దూరం జరిపిందంతే. మా రెండు కుటుంబాల పిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాల్లో ఉన్నారు, తగాదా వస్తే ఎవరి వకీలును వాళ్లు పెట్టుకుంటారు. ఇద్దరి మధ్యకు పోయి మాట్లాడే పని ఇప్పుడు మావాళ్లలో ఎవరూ చేయరు.