యాడికయ్యా, ఎండనబడి?

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇది రాయడం పూర్తయ్యాక కూడా ఉండదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ప్రస్తుతం అమెరికాలోని క్యారీలో ఒక మందుల కంపెనీలో గణాంకాలు చూస్తాను. ఒక్క ఉదాహరణతో ఏదీ రుజువు కాదని నలుగురికీ చెప్పడమే నా ఉద్యోగం. ఆ మాట నాకూ వర్తిస్తుందని తెలిసే, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది ఒంగోలు వైపు. అమ్మానాన్నలు పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్లలో పనిచేసేవారు. మా ఇళ్ళలో ఎవరైనా బయలుదేరుతుంటే "ఎక్కడికి?" అని అడగకూడదు. అడిగితే పని చెడుతుందని నమ్మకం. వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి.

మా నాయనమ్మ మాత్రం కావాలనే అడిగేది. "యాడికి పోతన్నారో ఇంటోళ్ళకి తెలవొద్దా? అడిగినంత మాత్రాన కాళ్ళిరగవులే" అనేది. అందరూ గొణుక్కుంటూ వచ్చి కూర్చునేవారు. నేను కూర్చునేదాన్ని కాదు. పరీక్షలకు వెళ్ళిన రోజూ, వీసా ఇంటర్వ్యూకు వెళ్ళిన రోజూ ఆవిడ అడిగింది. ఆగకుండా నడిచాను. రెండూ సవ్యంగానే జరిగాయి.

నా భర్త వంశీ అమెరికాలోనే పుట్టాడు. ఈ ఆచారం అతనికి తెలియదు. కిందటి చలికాలంలో ఆఫీసు పార్కింగ్‌లో కళ్ళు తిరిగి పడిపోయాడు. కాంక్రీటు అంచు తగిలి తలకు కుట్లు పడ్డాయి. రక్తపోటు ఉన్నట్టుండి తగ్గిపోతోందని, ఒంట్లో నీరు ఆరిపోకుండా చూసుకోవాలని, మరోసారి అలా తల తగిలితే ప్రాణం మీదికి రావచ్చని డాక్టరు హెచ్చరించారు. అందుకే మేము సెలవులకు మెక్సికోలోని ప్యుర్టో వల్లార్తాకు వెళ్తున్నామని తెలిసి, రిసార్టు గేటు దాటవద్దని మా అత్తగారు మరీ మరీ చెప్పారు.

గేటు లోపల అన్నీ ఉన్నాయి. రిసార్టువాళ్ళు చేతికి కట్టిన పట్టీ చూపిస్తే చాలు, తిండికీ తాగడానికీ లోటు లేదు. ఊరు మాత్రం లేదు.

"నేనేం గాజు బొమ్మని కాదు. లెట్స్ వాక్," అన్నాడు వంశీ. గోడ లోపల కూర్చోవడానికి నేనూ అంత దూరం వెళ్ళలేదు.

హోటళ్ళ వరుస దాటి, సముద్రం పక్క దారి వెంట పాత ఊరికి చేరాము. గుండ్రాళ్ళు పరిచిన వీధులు, తెల్ల గోడలు, ఎర్ర పెంకులు. మొక్కజొన్న రొట్టెలు కాల్చే కొట్టు ముందు జనం. బడి గోడ అవతల పిల్లల అరుపులు. ఎవరూ మమ్మల్ని ఏదీ కొనమనలేదు. అది నాకు బాగా నచ్చింది. పైకి పోయేకొద్దీ వీధి సన్నబడి మెట్లుగా మారింది. కొండ మీద ఒక శిలువ ఉందని, అక్కడి నుంచి సముద్రం మొత్తం కనిపిస్తుందని విన్నాము.

మిట్టమధ్యాహ్నం. ఎక్కడా నీడ లేదు. తెచ్చుకున్న నీళ్ళు అయిపోయాయి. వంశీ ఆగి ఆగి ఎక్కుతున్నాడు. దిగిపోదామా అంటే "ఆల్మోస్ట్ దేర్" అన్నాడు.

చివరి ఇంటి గుమ్మంలో ఒక ముసలావిడ ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని చిక్కుడు గింజలు ఏరుతోంది. మేము ఆమెను దాటి వెళ్ళాము.

"యాడికయ్యా, ఎండనబడి?"

అచ్చంగా మా వైపు యాస. నేను నిలబడిపోయాను. వంశీ మాత్రం వెనక్కి తిరిగి, క్యారీలో తెలుగువాళ్ళ భోజనాల దగ్గర కలిసే ఏ పెద్దావిడకైనా చెప్పినట్టే, "పైకే ఆంటీ, జస్ట్ వ్యూ చూడ్డానికి," అన్నాడు. ఆ తర్వాత నా వైపు చూశాడు. "వెయిట్. ఆంటీ తెలుగా?"

ఆమె పక్కనున్న కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి అతనికి చాచింది. రెండో చేత్తో మెట్టు మీద తట్టింది. అతను వెళ్ళి కూర్చున్నాడు. నేను కూర్చోలేదు. "ఏ ఊరండీ మీది?" అని తెలుగులో అడిగాను. ఆమె నన్నొకసారి చూసి, మళ్ళీ గింజల్లో చెయ్యి పెట్టింది.

గ్లాసు సగం కాకముందే వంశీ చేతిలోంచి జారింది. అతని తల మెల్లగా ఆమె భుజం మీదికి వాలింది.

నా కేకకు చుట్టుపక్కలవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. తడిగుడ్డలు వేశారు, కుర్చీలో కూర్చోబెట్టి కిందికి మోశారు. ఆసుపత్రిలో డాక్టరు అతని తల మీది పాత మచ్చను తడిమి, ఈసారి ఎక్కడ పడ్డాడని అడిగారు. పడలేదు, కూర్చుని ఉన్నాడని చెప్పాను. అదృష్టమన్నారు. ఆ ఇంటికి పైనున్న మెట్లకు పట్టుకునే కమ్మీ లేదు. పక్కనంతా రాళ్ళ లోయ.

అతను కోలుకున్నాక, ఒక చల్లని సాయంత్రం పళ్ళు తీసుకుని ఆ ఇంటికి వెళ్ళాము. ముసలావిడ అదే గుమ్మంలో ఉంది. ఆమె కోడలు హోటల్లో పనిచేస్తుందట, ఇంగ్లీషు వచ్చు. మీ అత్తగారు పిలవబట్టే బతికాడని నేను చెబితే కోడలు నవ్వలేదు. అత్తగారికి పక్షవాతంతో ఎప్పుడో మాట పడిపోయిందని, తను కాపురానికి వచ్చాక ఆ గొంతే వినలేదని చెప్పింది.

"మీతో మాట్లాడిందా? ఏ భాషలో?" అని అడిగింది.

వంశీ, నేను ముఖాలు చూసుకున్నాము. 

ఎండదెబ్బకు కలిగిన భ్రమ అని ఇక్కడి స్నేహితులు తేల్చేశారు. నేనొక్కదాన్నే విని ఉంటే ఒప్పుకునేదాన్ని. నేను నోరు తెరవకముందే వంశీ జవాబిచ్చాడు. నా భ్రమకు అతనెలా బదులిస్తాడు? చనిపోయిన మీ నాయనమ్మే వచ్చిందని అమ్మ అంటుంది. అదీ ఒప్పుకోను. నాయనమ్మది బొంగురు గొంతు, ఆ గొంతు నాకు తెలుసు. నేను విన్నది సన్నటి గొంతు. ఆ మాట ఎవరిదో, ఆ నోటికి ఎలా వచ్చిందో నాకు తెలియదు. తెలిసినట్టు నటించను. విననట్టూ నటించను.

ఇప్పుడు వంశీ కారు తాళాలు చేతిలోకి తీసుకోగానే "ఎక్కడికి?" అని గట్టిగా అడుగుతాను. ఫోన్‌లో విన్నప్పుడల్లా అమ్మ "అడగమాకే తల్లీ" అని మొత్తుకుంటుంది. అయినా అడుగుతాను. అతను బూట్లతోనే మెట్ల మీద కూర్చుని, నీళ్ళు తాగి వెళ్తాడు.

మొన్న నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే అతను అడిగాడు. "యాడికి?" అన్నాడు, ఆ యాసలోనే, అమెరికన్ నాలుకతో.

బ్యాగు భుజాన ఉండగానే, వచ్చి కూర్చున్నాను.