గంజికుంట నీళ్ల రంగు

మా సోషల్ సార్ మొన్న బుధవారం పోయారు. వాళ్ల పెద్దబ్బాయి ఫోన్ చేసి, "నాయన పోయినాడక్కా. పొద్దున కాఫీ తాగి, పేపరు చేతికి తీసుకున్యాడు. అంతే" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే, "పేపర్లో తప్పులు దిద్దినారా?" అని అడిగాను. "మొదటి పేజీ అయిపోయిందక్కా" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం ఏడ్చామో నవ్వామో నాకే తెలియదు. ఏడుపుగొట్టు రాతలంటే సార్‌కు గిట్టదు. అందుకే నవ్వు తెప్పించేదే రాస్తున్నాను.

మా ఊరు కదిరికి ముప్పావు గంట దూరం. అక్కడి హైస్కూల్లో ఆయన ఉద్యోగమంతా చేసి, రిటైరయ్యాక కదిరిలో స్థిరపడ్డారు. జేబులో ఎర్ర పెన్ను లేకుండా నేను ఆయన్ను చూడలేదు. నా పెళ్లికి వచ్చి, అక్షింతలు వేసి, నా శుభలేఖే నా చేతిలో పెట్టారు. అందులో మూడు చోట్ల ఎర్ర సున్నాలు చుట్టి ఉన్నాయి. "మూడు తప్పులమ్మా. ఐనా పెండ్లి చెల్లుతాదిలే" అన్నారు. మా అత్తగారింటివాళ్లు నోరెళ్లబెట్టారు. ఆ శుభలేఖ ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఆయన ఎక్కువగా వాడిన మాట ఒకటే, "ఎవరు చెప్పినారు?" ఏ విషయం చెప్పినా ముందు అదే అడిగేవారు. వాన పడుతుందట సార్ అంటే, ఎవరు చెప్పినారు. ఫలానా వాళ్ల కోడలు అలిగి పోయిందట అంటే కూడా అదే.

కదిరి బస్టాండు దగ్గర నాకొక డీటీపీ, ఇంటర్నెట్ సెంటర్ ఉంది. రెండేళ్ల క్రితం, ఎవరైనా రాయగలిగే విజ్ఞాన సర్వస్వం ఒకటి ఇంటర్నెట్లో ఉందని తెలిసింది. బేరాలు లేని పూటల్లో కూర్చుని, మా ఊరి చరిత్ర మీద ఒక వ్యాసం రాసి అందులో పెట్టాను. మా ఊరు ప్రపంచమంతటికీ కనిపిస్తోందని కాలు నేల మీద నిలవలేదు. రోజూ సాయంత్రం వచ్చే సార్‌కు ఆరు పేజీలు ప్రింటు తీసి ఇచ్చాను. మెచ్చుకుంటారనుకున్నాను.

మరునాడు పేజీలన్నీ ఎర్రగా వచ్చాయి. విషయానికి నలభై, ఆధారాలకు నలభై, భాషకు ఇరవై అని మార్కులు విడగొట్టి, మొత్తం వందకు ముప్పై ఒకటి వేశారు. ఆధారాల కింద మూడే. "రాసింది బాగుండాదమ్మా. కానీ ఇదంతా నువ్వు చెప్తాండేదే గానీ, నీకెవరు చెప్పినారో యాడా లేదు. చదివేవాడు ఎందుకు నమ్మాల?" అన్నారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రెండు రోజులు ఆయనకు టీ చెప్పించలేదు. ఆయన పక్క అంగట్లో తాగి వచ్చి, నా ఎదురుగా కూర్చుని పేపరు చదువుకున్నారు.

మూడో రోజు ఆ పేజీలు ముందేసుకుని పోట్లాటకు దిగాను. "గంజికుంట నీళ్లు సుద్దమట్టి వల్ల గంజిలాగా తెల్లగా ఉంటాయి కాబట్టి ఆ పేరు వచ్చింది" అని మా ఊరి కుంట గురించి నేను రాసిన వాక్యం కింద రెండు గీతలు ఉన్నాయి, పక్కన ఆయన ప్రశ్న ఉంది.

"ఇది ఎవరు చెప్పినారా? మీరే సార్. ఎనిమిదో తరగతిలో, మమ్మల్నందర్నీ కుంట గట్టు మీద నిలబెట్టి చెప్పినారు."

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అవునమ్మా. ప్రతి ఏడాదీ చెప్పినా. మరి నాకెవరు చెప్పినారబ్బా?" అని తనలో తాను అనుకున్నారు. ఆయనకు గుర్తు రాలేదు. పెన్ను తీసి ముప్పై ఒకటి కొట్టేసి, ముప్పై ఆరు వేశారు. "ఈ అయిదూ పోవాల్సింది నాకు, నీక్కాదు. నువ్వు పాసైనావు పో" అన్నారు. నేను పరుగున పోయి టీ తెచ్చాను.

మరునాడు తొలి బస్సుకే ఇద్దరం మా ఊరికి పోయాం. కుంట కింద ఇంట్లో ఎనభై దాటిన అవ్వ ఉంది. ఆమెనే అడిగారు సార్. ఆమె ఆయన్ను కిందికీ మీదికీ చూసింది.

"తెల్లగానా? ఏమప్పా అయ్యవారూ, ఇన్నేండ్లు ఈడ ఉద్యోగం చేసినావు, ఈ కుంటలో నీళ్లు ఎర్రగుంటాయని తెలీదా?"

"నేనొచ్చిన ఏడు కుంట ఎండిపోయి ఉన్నిందవ్వా. చౌడు తేలి అంతా తెల్లగా కనపడింది. ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్యా. ఆ తర్వాత నీళ్లను సరిగ్గా చూడనే లేదు."

"మా జేజి, మా నాయనకు అమ్మ, ఈడ మన్ను మోసింది. పాత కరువులో పొద్దుగూకులూ మోస్తే, మాపటికి ముంతెడు గంజి పోసేవాళ్లంట. గంజికి తవ్విన కుంటప్పా ఇది."

నా సిగ్గు నేను చెప్పుకోవాలి. కుంట నిండిన ఏడాది ఆ నీళ్లలో నేనూ కాళ్లు పెట్టాను, ఎర్రబడిన పావడాకు మా అమ్మ చేత తిట్లు తిన్నాను. పరీక్షలో మాత్రం తెల్లన అనే రాశాను. వ్యాసంలోనూ అదే రాశాను.

సార్ అంతటితో ఆగలేదు. వేరే వీధుల్లో ఇంకో ముగ్గురు ముసలివాళ్లను అడిగారు. ఇద్దరు అవ్వ మాటే చెప్పారు, ఒకాయన తెలియదన్నారు. "ఇప్పుడు రాయమ్మా. ఊర్లో పెద్దోళ్లు చెప్తారు అని రాయి. రాతలో ఆధారం ఇంకా దొరకలేదని గూడా రాయి" అన్నారు. ఆపైన ఇంకో వాక్యం పెట్టమన్నారు. నీళ్ల రంగు వల్ల పేరు వచ్చిందని స్థానిక ఉపాధ్యాయుడొకరు చాలాకాలం పిల్లలకు తప్పుగా చెప్పారని.

"మీ పరువు తీసే పని నేను చెయ్యను సార్."

"పరువు యాడికీ పోదులే. తప్పును కొట్టేస్తే చాలదమ్మా. అది యాడినుంచి వచ్చిందో రాయకపోతే మళ్లా వస్తాది."

పెట్టాను. అయినా ఆయనకు మనశ్శాంతి లేదు. "అన్ని బ్యాచుల పిల్లోళ్లు నా మాట నమ్మి, కండ్ల ముందర నీళ్లను చూడకుండా పోయినారమ్మా. వాళ్లకెట్ల చెప్పేది?" అన్నదే ఆయన బాధ. చివరికి ఒక కట్ట పోస్టుకార్డులు కొని, చిరునామా దొరికిన ప్రతి పాత విద్యార్థికీ రాశారు. "ఎనిమిదో తరగతిలో గంజికుంట గురించి నేను చెప్పినది తప్పు. నీళ్లు ఎర్రగా ఉంటాయి. గంజి కూలికి తవ్విన కుంట అది. మీ పిల్లలకు చెప్పగలవు."

ధర్మవరంలో పట్టుచీరల అంగడి పెట్టుకున్న మా క్లాసువాడు నాకు ఫోన్ చేసి, "ఏమమ్మా, సార్ తల బాగానే ఉండాదా?" అని అడిగాడు. ఇంకొకడు, అప్పుడు వేసిన మార్కులు తిరిగి ఇచ్చెయ్యాలా అని రాశాడు. ఆ జాబులన్నీ చదివి సార్ పగలబడి నవ్వేవారు. కంబదూరు నుంచి వచ్చిన ఒక కార్డు దగ్గర మాత్రం నవ్వలేదు. "సార్, నీళ్లు ఎర్రగుంటాయని నేను ఆ పొద్దే చెప్పినా. ఎదురు మాట్లాడతావా అని గోడకుర్చీ వేయించినారు."

ఆ వారమే నన్ను వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి కంబదూరు పోయారు. ఆ విద్యార్థి ఇప్పుడు చెనక్కాయలు పండించే రైతు. మమ్మల్ని చూసి గాబరాగా మంచం వాల్చాడు. సార్ కూర్చోలేదు. "ఆ పొద్దు నువ్వే రైటప్పా. నాది తప్పు" అన్నారు. "అయ్యో సార్, ఏదో తమాషాకు రాసినా" అని అతను చేతులు పట్టుకున్నాడు. సార్ చేతులు విడిపించుకుని, చెప్పులు విడిచి, అతని ఇంటి గోడకు వీపు ఆనించి, మోకాళ్లు వంచి గోడకుర్చీ వేశారు.

అతని భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. అతను "లేయండి సార్, మీకు దండం పెడతా" అని బతిమాలాడు. ఆయన వినలేదు. ఇంక చేసేదేమీ లేక అతనూ పోయి, ఆయన పక్కనే గోడకు ఆనుకుని మోకాళ్లు వంచాడు. బడి నుంచి అప్పుడే వచ్చిన వాళ్ల పాప సంచీ భుజాన ఉండగానే వాకిట్లో నిలబడిపోయింది.

"నాయనా, నువ్వేం తప్పు చేసినావు?"

"నేనేం తప్పు చేయలేదమ్మా" అన్నాడతను. "సారుకు తోడుగా కూచ్చున్యా."

సార్ ఆ మాట విని నవ్వడం మొదలుపెట్టారు. అతనూ నవ్వాడు. ఇద్దరి మోకాళ్లూ వణుకుతున్నాయి, ఇద్దరూ లేవడం లేదు.