బందరు కాలవలో ఒంటె

ఆ కాలంలో ప్రభుత్వానికి ఒక ఆలోచన వస్తే ముందు పేపర్లో పడేది, తర్వాత మా ఆఫీసుకి వచ్చేది, ఆఖరికి నా బల్ల మీద చతికిలబడేది. బల్లంటే నా సొంతం కాదు లెండి, టెంపరరీ వాణ్ణి, సగం బల్ల. (మిగతా సగం మీద టీ ఫ్లాస్కు ఉండేది. అది పర్మనెంటు.) ఇప్పుడు తల్చుకుంటే నవ్వడానిక్కూడా ఓపిక ఉండటం లేదు గానీ, అప్పట్లో ఏ ఆలోచన వచ్చినా ఇదైనా నా ఉద్యోగాన్ని ఖాయం చేస్తుందేమోనని ఆశపడేవాణ్ణి. ఆ ఏడు వచ్చిన ఆలోచన ఎడారి విహారం. బెజవాడలో బ్యారేజీ దిగువన ఎండాకాలం కృష్ణలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ కదా, అందులో ఒంటెల్ని తిప్పితే దేశం నలుమూలల నుంచీ జనం వచ్చి పడతారని పైవాళ్లెవరికో తోచింది. రాజస్థాన్‌లో బోలెడంత ఎడారి ఉండగా ఇక్కడిదాకా ఎందుకొస్తారని అడిగినవాడు లేడు. నేనూ అడగలేదు. ప్రారంభోత్సవం సవ్యంగా జరిగితే నన్ను పర్మనెంటు చేయిస్తానని పెద్దసారు (మా ఆఫీసరు, మనిషి మాత్రం పొట్టి) మాటిచ్చారు మరి.

నమూనాగా ఒక్క ఒంటె లారీలో దిగింది, యజమానితో సహా. ఆయన రెండు పూటలు మన ఆవకాయ తిని, కడుపు పట్టుకుని, ప్రారంభోత్సవం నాటికి వస్తానని సైగ చేసి ఊరెళ్లిపోయాడు. ఒంటెని ఎక్కడ కట్టెయ్యాలో ఏ జీవోలోనూ లేదు. నాకు తెలిసిన పశువుల కొట్టం ఒక్కటే, బందరు కాలవ పక్కన మా పిన్నిది. అక్కడికి తోలుకెళ్లాను. పిన్ని దాన్ని కాళ్ల నుంచి మూతిదాకా చూసి, "ఇంత మెడేసుకుని ఎండలో ఎట్టా నడిచొచ్చిందిరా పాపం, ముందు నీళ్లలోకి తోలు," అంది. ఎడారి జంతువు పిన్నీ, నీళ్లు పడవు అన్నాను. "అక్కడ లేవు గనక పడలేదు. ఉంటే ఎందుకు పడవు?" అంది. ఇంత సూటిగా ఆలోచించే మనిషి మా ఆఫీసులో ఒక్కరూ లేరు, నాతో కలిపి.

అంతే, ఒంటె గేదెల్లో కలిసిపోయింది. పొద్దున్నే వాటితో పాటు కాలవకి. ఒడ్డున గడ్డి చుట్టతో ఒళ్లు రుద్దడం. ఇంటికొచ్చాక జనుము, పిల్లిపెసర, పైన తవుడు కలిపిన కుడితి. మొదట్లో ఒడ్డున నిలబడి గుర్రుగుర్రుమనేది. వారం తిరక్కుండా గేదెలకంటే ముందే దిగి, మెడదాకా మునిగి, కళ్లు అరమోడ్చి నెమరు వేయడం మొదలెట్టింది. రోడ్డు మీద బస్సులు ఆపుకుని మరీ జనం చూశారు. ఒళ్లు నిగనిగలాడుతోందని నేనూ మురిసిపోయాను.

ప్రారంభోత్సవం రోజు ఇసుకలో షామియానా, సన్నాయి మేళం. యజమాని జాడ లేదు. ఒంటె మీద అద్దాల గుడ్డ కప్పి, పట్టుగుడ్డ కట్టుకొచ్చిన మంత్రిగారిని ఎక్కించాం. ఒంటె లేచింది, నాలుగడుగులు రాజసంగా వేసింది. అంతలో దూరంగా మడుగులో ఎవరివో గేదెలు పడుకుని కనిపించాయి. ఇక దానికి మంత్రిగారు అడ్డా, నేనడ్డా. తాడు పట్టుకుని నేను లాగాను, అది నన్ను లాక్కుపోయింది. వెనకాల పెద్దసారు, పట్టుకోండి సార్, గట్టిగా పట్టుకోండి సార్ అంటూ పరుగు. (ఎవర్ని ఎవరు పట్టుకోవాలో చెప్పలేదు.) ఒంటె గేదెల మధ్యకెళ్లి, మోకాళ్లు మడిచి, నింపాదిగా కూర్చుంది. మంత్రిగారు నడుందాకా నీళ్లలో ఉన్నారు. ఆపమని ఎవరూ చెప్పలేదని సన్నాయి సాగుతూనే ఉంది. ఆ మడుగులో నా ఉద్యోగం బుడగలొదులుతూ మునిగిపోవడం నేను కళ్లారా చూశాను.

మంత్రిగారు కేకలేస్తారనుకున్నాం. ఆయనదీ డెల్టా పాడి కుటుంబమే. ఒంటె డొక్కలు తడిమి చూసి, తలూపి, "బాగా మేపారయ్యా. పాలెంత ఇస్తుంది?" అన్నారు.

అది మగది. చెబుదామని నోరు తెరిచాను. గుండెల లోతు నీళ్లలో నిలబడ్డ పెద్దసారు బూటుతో నా కాలు తొక్కిపట్టి, "అధ్యయనం చేస్తున్నాం సార్," అన్నారు.

ఆ వాక్యంతో ఎడారి విహారం పోయి ఒంటెల పాడి విభాగం వచ్చింది. అందులో నేను పర్మనెంటు అయ్యాను. ఆర్డరు చేతికొచ్చిన రోజే యజమాని దిగాడు. తన ఒంటె కాలవలో తల మాత్రం బయటపెట్టి తేలుతుండటం చూసి, గట్టు మీద కూలబడి, హిందీలో చాలాసేపు ఏదో అన్నాడు. నాకు హిందీ రాకపోవడం అప్పుడు కలిసొచ్చింది. దాన్ని తోలుకుపోతుంటే మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే పోయింది. విభాగం మాత్రం పోలేదు. ఒంటె లేకుండా చాలా కాలం సాఫీగా నడిచింది, పాల సంగతి ఎవరైనా అడిగితే పరిశీలనలో ఉందనేవాణ్ణి.

ఆ తర్వాత ఇలాంటి ఆలోచనలు ఇంకెన్ని మోశానో. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషను పొగగొట్టాల నీడలో యాపిల్ తోట కూడా నా చేతుల మీదుగానే ఎండిపోయింది. ఇప్పుడు రిటైర్మెంటు దగ్గరపడి, తాడు పట్టుకున్న ఆ సన్నటి కుర్రాణ్ణి, అంటే అప్పటి నన్ను, ఒంటె ఇసుకలో ఈడ్చుకుపోవడం తల్చుకుంటే ముద్దొస్తున్నాడు, వెధవ, అంత గట్టిగా దేన్ని పట్టుకున్నాడో వాడికే తెలీదు. ఇంత సర్వీసులో లబ్ధిదారుడు నిజంగా సుఖపడటం నేను చూసింది ఒక్కసారే, కాలవలో కళ్లు మూసుకుని నెమరు వేస్తుండగా. అదీ ప్రభుత్వం చేసింది కాదు, మా పిన్ని చేసింది.