గాజులోకి దూరిన గాలి

ప్రయోగశాలలో అందరూ ఆమెను చీకటమ్మ అనేవారు. నల్లరంగు వేసిన పెట్టెలో గాజు ట్యూబులు పెట్టి, మూత బిగించి, వాటి సడిని కనిపెట్టడం ఆమె పని. సూక్ష్మకణం ఒకటి నీటిలోంచి దూసుకుపోతే పుట్టే మిణుకును పట్టి, పెద్దది చేసి చూపే ట్యూబులవి. ఏ వెలుగూ లేకపోయినా అవి ఊరికే ఉండవు; నిద్రలో పసిపిల్లల్లా ఏదో గొణుగుతాయి. తెర మీద ఆ గొణుగుడు సన్నని గీతలై లేస్తుంది. ఏది గొణుగుడో, ఏది మాటో తేల్చడంలోనే ఆమె వయసు గడిచింది.

పక్క గదిలో ఆమె తమ్ముడు. కాళ్ళావేళ్ళా పడి ఆమే వేయించిన ఉద్యోగం. పంపులు ఎక్కడైనా కారుతున్నాయేమో హీలియం వాయువుతో పరీక్షిస్తాడు. చేరిన రోజే హెచ్చరించింది.

"ఒరేయ్, ఆ హీలియం సిలిండరు మాత్రం ట్యూబులు దాచే నా స్టోరు దరిదాపులకి రానివ్వకు. గాలిని ఆపే గాజు దాన్ని ఆపలేదు. మెల్లగా లోపలికి దూరి ట్యూబు ప్రాణం తీస్తుంది."

"నీ ట్యూబుల జోలికి నేనెందుకొస్తానక్కా! అవి నాకు మేనకోడళ్ళు కావూ?" అని నవ్వాడు.

ఈసారి ట్యూబులు పెద్ద నీళ్ళ తొట్టి అడుగుకు వెళ్ళవలసినవి. ఒకసారి దించితే మళ్ళీ పైకి తీయరు. చివరి పరీక్షలో, ప్రతి నిజమైన మిణుకు వెనకే ఇంకో చిన్న గీత లేచింది, మనిషి వెళ్ళిపోయాక కూడా గుమ్మంలో నిలిచిన నీడలా. ఆమె తీగలు మార్చింది. అతుకులు మళ్ళీ వేసింది. గీత పోలేదు. చివరికి తన చేతులనే అనుమానించింది.

అధికారి అక్కాతమ్ముళ్ళిద్దరినీ పిలిచి, ఆ గీత ఎందుకొస్తోందని అడిగాడు.

"అక్కకి ఈమధ్య కళ్ళు సరిగ్గా ఆనడం లేదు సార్," అన్నాడు తమ్ముడు, ఎంతో జాలిగా. "చెయ్యి కూడా వణుకుతోంది. ఇంట్లో మేం గమనిస్తూనే ఉన్నాం."

ఆమె కాదనలేదు. తన మంచికే అంటున్నాడనుకుంది. మర్నాడు ఆమె బల్ల దగ్గర ఇంకొకరు కూర్చున్నారు. ఆమెకు స్టోరు సర్దే పని ఇచ్చారు.

సర్దుతుంటే ట్యూబుల అర వెనక, స్పాంజి పెట్టెల చాటున, గోడకు గొలుసుతో కట్టిన హీలియం సిలిండరు కనిపించింది. దాని మర చుట్టూ సబ్బునురగ రాసింది. బుడగలు లేచాయి.

తమ్ముణ్ణి అక్కడికే పిలిపించింది.

"ఎప్పట్నుంచిరా ఇది?"

"నా గదిలో చోటు లేదక్కా... ఎండలు ముదరకముందు పెట్టాను. నాలుగు రోజులే అనుకున్నా."

"సారు ముందు నా కళ్ళ సంగతి చెప్పినప్పుడు, ఇది కారుతోందని తెలుసా?"

అతను బుడగల వైపు చూశాడు. "నా ఉద్యోగం పోతే మళ్ళీ రాదక్కా. నీకేముంది, ఇంకొన్నాళ్ళ సర్వీసేగా. నిన్నెవరూ ఏమీ అనరని..."

"నన్ను గుడ్డిదాన్ని చేశావు కదరా."

"చెప్పకక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"వద్దు. చెయ్యి వణికే మనిషిని, పడిపోతాను."

అధికారి గదిలోకి వెళ్ళి చెప్పింది. ట్యూబుల్లోకి హీలియం దూరిందని, ఆ వెనక గీత దానివల్లేనని, వాటిని ఇక నీళ్ళలోకి దించకూడదని, తన అతుకుల్లో లోపం లేదని.

"ఎవరు పెట్టారమ్మా అక్కడ?"

గుమ్మం బయట చెప్పుల చప్పుడు ఆగింది. చిన్నప్పుడు వాడు పగలగొట్టిన ప్రతిదానికీ "నేనే" అని దెబ్బలు తిన్న నోరు ఆమెది. ఆ మాటే నాలుక చివరిదాకా వచ్చింది.

"మా తమ్ముడు సార్," అంది.

చెప్పుల చప్పుడు వరండా చివరిదాకా వెళ్ళడం వింది. వెనక్కి తిరగలేదు.