సీసా మీద ఆరు గళ్లు

మా పేటను కట్టినవాడు ఒక తెల్లదొర. వైద్యుడు. ఏటి ఒడ్డున తుప్పలు మొలిచిన మెట్టంతా కొని, ముందు మందుల ఇల్లు వేశాడు, తరవాత బంగళా. బళ్ల మీద వచ్చిన రోగులు పాకల్లో పడి ఉండేవారు. బాగయ్యాక వెనక్కి వెళ్లే దారి లేనివాళ్లకి ఇంటిజాగా ఇచ్చి, రెండు మళ్లు కౌలుకి ఇచ్చేవాడు. వాళ్లని చూసి చాకలి వచ్చాడు, మంగలి వచ్చాడు, కొట్లు వచ్చాయి, చివరికి సంత వచ్చింది. రోగాల వల్ల పుట్టిన ఊరు మాది.

దొరకి ఒకటే పట్టింపు. సీసాలో మందు పోసి, పక్కన గళ్లు కత్తిరించిన కాగితం అంటించి ఇచ్చేవాడట. పొద్దున ఒక గడి మేర మందు తాగాలి, సాయంత్రం ఒక గడి. ఆరు గళ్లూ అయ్యేదాకా పేట దాటకూడదు, వేరే మందు ముట్టకూడదు. దాటినవాడి జాగా పోయేది. మా అత్త తండ్రి ఒకసారి మూడో గడి దగ్గరే పెళ్లికని బొబ్బిలి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఇంటికి దొరగారి తాళం. దాన్ని తీయించుకోవడానికి ఆయన బంగళా మెట్ల కింద ఎలా కూర్చున్నాడో చెప్పేటప్పుడు మా అత్త తనే కూర్చున్నట్టు మోకాళ్లు ముడుచుకునేది.

దొర పోయాడు, మందుల ఇంటి కప్పు కూలింది, దాని పెరట్లో నుయ్యి మిగిలింది. నేను కాపురానికి వచ్చేసరికి ఇంటింటా గూట్లో ఒక దొర సీసా ఉండేది. ఎవరికైనా ఒంట్లో బాగులేకపోతే ఆ నూతి నీళ్లు సీసాలో పోసి, కొత్త కాగితం అంటించి, గడి చొప్పున పట్టేవారు. నాకు చదువు రాదు కాని చెయ్యి తిన్నన. కాగితం మడిచి కత్తెర వేశానంటే ఆరు గళ్లూ ఒక్క కొలత. వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా కాగితం నా దగ్గరికే తెచ్చేవారు. నాకది గొప్పగా ఉండేది. ఆ మాట దాచుకోను.

అరవైల మధ్యలో, కోతల ముందు, నాలుగేళ్ల నా కూతురు జ్వరంతో పడింది. గొంతు నొప్పి అంది. మా ఆయన కొత్తవలస నుంచి కొండల్లోకి వేసే రైలు లైను పనిలో ఉన్నాడు. నేనే గళ్లు కత్తిరించి, అన్నం మెతుకుతో సీసాకి అంటించాను. తానూ అంటిస్తానని కాగితం కొసని అది వేలితో నొక్కింది.

రెండో రోజు మధ్యాహ్నం మా తమ్ముడు వచ్చాడు. సాలూరు లారీల మీద డ్రైవరు. లారీ రోడ్డు మీద ఆపి వచ్చి, పిల్ల నోరు తెరిపించి చూశాడు.

"అప్పా, గొంతుకలో తెల్లగా పొర కట్టేసినాది. ఇది నీళ్లకి తగ్గీది కాదు. ఎత్తుకో, విజయనగరం ఆస్పత్రికి ఎల్లిపోదాం."

మా అత్త గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "మూడు గళ్లే అయినాయిరా. ఇంకా మూడున్నాయి. నీ లారీ రాకముందు కూడా ఈ పేటలో పిల్లలు బతికినారు."

"ఆ దొర సచ్చి ఎన్నేళ్లయినాది అత్తా? ఇప్పుడొచ్చి తాళం ఏస్తాడేటి?"

"లారీకి బ్రేకులున్నాయి గాని నీ నోటికి నేవు."

వాడు నావైపు తిరిగాడు. "నువ్వు సెప్పు అప్పా. నువ్వు కన్న గుంట."

నేను సీసా వైపు చూశాను. "రేపు సాయంత్రానికి అయిపోతాయిరా. అయ్యేక ఎల్దాం" అన్నాను.

వాడు రోడ్డు మీది లారీ వైపు చూశాడు. రాయగడలో దించాల్సిన ఉప్పు బస్తాలున్నాయి. "రేపు పొద్దు గూకేసరికి వస్తాను. గుమ్మంలో తయారుగా ఉండు" అని వెళ్లాడు.

ఆ సాయంత్రం పట్టిన నీళ్లు పిల్ల ముక్కులోంచి వచ్చేశాయి. ఇది గడి కింద వస్తుందా అని అత్తని అడిగాను. అప్పుడు నాకు తోచిన ప్రశ్న అదే. "పోసినాం గదే, అయినట్టే" అంది. మూడో రోజు పొద్దున అయిదోది పట్టాను. మధ్యాహ్నానికి మెడ ఉబ్బింది. ఊపిరి రంపం కోసినట్టు చప్పుడు చేసింది. మాట రాక, సీసా వైపు చూపించి ఒక వేలు ఎత్తింది. ఇంకొకటేనా అని. అవునమ్మా, ఒక్కటే అన్నాను.

ఆ ఒక్కటీ పట్టే వేళ రాకముందే పోయింది.

పొద్దు గూకేసరికి లారీ హారను వినిపించింది. ఎవరం లేవలేదు. వాడే నడిచి వచ్చి, చూసి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అత్త గుమ్మంతో చెప్పినట్టు మెల్లిగా, "ఇంకొక్క గడి ఆగినా బతికీది" అంది. నేనూ అదే నమ్మాను. తమ్ముడి మాట కాదు, ఆ మాటే నమ్మాను.

పది రోజులు కాలేదు. పక్కింటామె తన పిల్లాడికి గొంతు నొప్పి, జ్వరమని కాగితం పట్టుకుని వచ్చింది. నా ముఖం చూడలేక నేల చూస్తూ నిలబడింది. నేను లేచి కత్తెర తీశాను. ఆరు గళ్లూ ఒక్క కొలతలో వచ్చాయి.