అప్ప కాకులు

అక్క వరసయ్యే మా పొరుగింటి అప్ప పోయి పన్నెండు రోజులైంది. కిడ్నీలు పాడై రెండేళ్లు పలాస ఆసుపత్రికి తిరిగి, ఆఖరికి తన ఇంట్లోనే కన్నుమూసింది. ఓదార్పు మాటలు రాయాల్సిన బోధకుణ్ణి. చేతికి నా తప్పు ఒప్పుకోలే వస్తోంది, సహోదరులారా.

మా రేవులో చేపలు ఎండబెట్టేవాళ్లు కాకులు రాకుండా వలలు కప్పేవారు, చచ్చిన కాకిని కర్రకు వేలాడదీసేవారు. అప్ప మాత్రం చేపతలలు ఒక పక్కన పోసేది. "ఆటి వాటా ఆటికి ఎట్టీసినామంటే మన జోలికి రావు" అనేది. ఈ బూడిద మెడ కాకులు మనుషుల్ని విడిచి ఉండవనీ, ఒకటి కాపలా కూర్చుంటేనే మిగతావి తింటాయనీ, మిగిలిన ముక్కను పెంకుల సందున దాచుకుంటాయనీ ఆమె చెబితేనే నాకు తెలిసింది.

ఒక మే నెల ఆదివారం, ప్రార్థన పాక పక్కనున్న జీడిచెట్టు మీది కాకి గూటిలోంచి, తెరిచి ఉన్న నా పరిశుద్ధ గ్రంథం మీద రెట్ట పడింది. కోపంతో గెడ తీసుకుని గూడు పడగొట్టాను. వలదారాలు, ఇనుప తీగలు, వాటి మధ్య కళ్లు తెరవని మూడు పిల్లలు. ఏటి ఒడ్డున దాగిన ప్రవక్తకు కాకోలాలు, అంటే కాకులే, రొట్టె మోసిన సంగతి అంతకు గంట ముందే బోధించాను! అక్కడితో ఆగానా? కాకుల్ని మేపడమంటే దయ్యాల్ని మేపడమేనని మైకులో అరిచాను. వీధంతా అప్ప వైపు చూసింది. ఆమె ఆ కాకి పిల్లల్ని గంపలో వేసుకుని వెళ్లిపోయింది. ఒక్కటీ బతకలేదు.

ఆనాటి నుంచి నేను బయటికొస్తే కాకులు నెత్తి మీద పొడిచేవి.

"గెడ్డం తీసీ తమ్ముడా, అవి నిన్ను పోల్చుకోలేవు" అని అప్ప నవ్వింది.

తీసేశాను. మర్నాడూ పొడిచాయి.

"నీ మొకం నేర్సీసుకున్నాయి. ఆటి పిల్లలకీ సెప్తాయి. తప్పయిందని నువ్వూ సెప్పు" అంది.

ఎవరికీ చెప్పలేదు. ఆమెకు కూడా.

అప్ప పోయిన పదో రోజున ఆమె ఇంటివాళ్లు రేవులో ఆకు వేసి అన్నం, చేప పెట్టారు. కాకి ముడితేనే పోయినవాళ్లు తృప్తిగా వెళ్లినట్టని వాళ్ల నమ్మకం. నాకు లేదు, అయినా వెళ్లి నిలబడ్డాను. కాకులు పడవల మీద వాలి అరుస్తున్నాయి గానీ దిగవు.

"మందు మానేత్తానే అమ్మా! తమ్ముడితో మాటాడతానే!" అప్ప కొడుకు ఏడుస్తున్నాడు.

ఎండ నడినెత్తికొచ్చింది. అప్పుడు గమనించాను. వాటి చూపు ఆకు మీద లేదు, నా మీద ఉంది.

"నన్ను సూసి దిగట్లేవురా. తప్పు నాది" అన్నాను. అప్ప బతికుండగా నా నోట రాని మాట.

"అయితే ఎల్లు మావా, బేగి ఎల్లు!"

తుండు ముఖానికి కప్పుకుని ఒడ్డు వెంట నడిచాను. చాలా దూరం పోయాక అరుపులు ఆగాయి. తిరిగి చూస్తే, ఒక కాకి ఇసుక మీద పక్కపక్కకు గెంతుతూ ఆకు దగ్గరికి వస్తోంది. ముట్టుకునే దాకా చూడాలని ప్రాణం పీకింది. నా చూపు తగిలితే ఎగిరిపోతుందేమోనని సముద్రం వైపు తిరిగి నిలబడ్డాను.