మా గోడలోని వాక్యూమ్‌కి సంచి కొన్న వైనం

పట్టుచీరలు కట్టుకుని, పట్టుపంచెలు కట్టుకుని మా ఇంటికి భోజనానికి వచ్చిన నలభై మంది నెత్తిన, వాళ్ళ కోసం వండిన ఎనిమిది రకాల వంటల మీద, ఒకే ఒక్క స్విచ్చి నొక్కి దుమ్ము పోసిన ఘనుణ్ణి నేను. అమెరికాలో మేముండే ఆష్‌బర్న్‌లో ఇప్పటికీ కొత్తవాళ్ళకి నన్ను పరిచయం చేసేటప్పుడు పేరు తర్వాత ఈ సంగతే చెబుతారు. చెప్పేవాళ్ళు సగం సగం చెబుతున్నారు కాబట్టి మొత్తం నేనే చెప్పేస్తే ఒక పనైపోతుంది.

అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. ఒక పెద్దాయన దగ్గర పాత ఇల్లు కొన్నాం. ఇల్లు అప్పగించే రోజు ఆయన మమ్మల్ని గ్యారేజీలోకి తీసుకెళ్ళి, గోడకి తగిలించిన డ్రమ్ములాంటి యంత్రం చూపించి, అది సెంట్రల్ వాక్యూమ్ అన్నాడు. ప్రతి గదిలోనూ గోడకి మూత ఉన్న ఒక కన్నం ఉంటుందట. పొడుగాటి గొట్టం తెచ్చి అందులో గుచ్చితే చెత్తంతా గోడల్లోంచి ప్రయాణం చేసి గ్యారేజీలో ఆ డ్రమ్ములో ఉన్న సంచిలో పడుతుందట. ఆ తర్వాత ఆయన సంచి గురించి ఏదో పావుగంట చెప్పాడు. నేను తల ఊపుతూ, ఇక్కడి మన వాళ్ళెవరింట్లోనూ లేని వస్తువు నా ఇంట్లో ఉందని మనసులో ఊరేగుతున్నాను. ఆయన చెప్పిన దాంట్లో ఒక్క ముక్క చెవికెక్కలేదు.

నెల తర్వాత సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. ఇక్కడ అసలు విషయం చెప్పాలి. నా భార్య రాధికది కర్నూలు. ఆవిడ ఇక్కడికి హెచ్-ఫోర్ మీద వచ్చింది, అంటే నా వీసాకి తోకలాగా. పని చేసే పర్మిట్ లేదు. అక్కడ లెక్చరర్‌గా చేసిన మనిషి మూడేళ్ళుగా ఇంట్లో కూర్చుంది. మా గుళ్ళో ఉగాది భోజనాలు అంటే పెద్ద వ్యవహారం, ఆ వంటకి పెద్దగా ఎవరుండాలో వంటశాల చూసే విజయలక్ష్మి గారు నిర్ణయిస్తారు. జీతం గీతం లేదు, సేవే. కానీ రాధికకి అది కావాలి. ఈ దేశంలో తన పేరు మీద ఒక్క పనైనా ఉండాలని ఆవిడ ఎన్నిసార్లు అందో నాకు గుర్తుంది. విజయలక్ష్మి గారు మా వ్రతానికి వచ్చి భోంచేసి చూస్తానన్నారు. కేటరింగ్ వద్దని రాధిక రెండు రోజులు ఒంటిచేత్తో వండటానికి సిద్ధమైంది.

నా బాధ్యత ఒక్కటే, ఇల్లు శుభ్రం చేయడం. "మామూలు వాక్యూమ్ ఉంది కదండీ, దాంతో చేసేయండి," అంది. అలా చేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. గోడలో వాక్యూమ్ పెట్టుకుని మామూలు వాక్యూమ్ ఈడ్చడం నాకు అవమానంగా తోచింది. మూత తీసి చూస్తే డ్రమ్ములో సంచి లేదు. గొట్టం పగిలిపోయి ఉంది. సరే, రెండూ కొంటే సరి, సంచి అంటే సంచే కదా అనుకున్నాను.

వాక్యూమ్‌లూ కుట్టు మిషన్లూ బాగుచేసే ఒక చిన్న దుకాణానికి వెళ్ళాను. అక్కడొక ముసలాయన కళ్ళజోడు ముక్కు చివరకి దించి, ఏ కంపెనీది అని అడిగాడు. స్టిక్కర్ ఊడిపోయిందన్నాను. గొట్టం ముప్పై అడుగులా, ముప్పై అయిదా? ముప్పై అన్నాను. కరెంటు తీగ ఉన్నదా, లేనిదా? ఉన్నదన్నాను. ఇవేవీ నాకు తెలియవు. కానీ నాకొక జబ్బుండేది. ఎవరేం అడిగినా జవాబు చెప్పేయాలి. తెలియదు అనే మాట నోట్లోంచి వస్తే పళ్ళు ఊడిపోతాయేమో అన్నంత భయం.

"సంచి ఏ సైజు?" అన్నాడు.

"స్టాండర్డ్ సైజు," అన్నాను.

"స్టాండర్డ్ అనేది లేదు," అన్నాడు.

నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. ఫోటో ఉందా అన్నాడు. నా ఫోన్లో మా ఇంటి మేపుల్ చెట్టు ఫోటోలు వందున్నాయి, ఆ డ్రమ్ముది ఒక్కటి లేదు. చివరికి ఆయన, ఆ యంత్రం ఊదే గాలి ఎటు పోతుంది, ఇంటి బయటికా, గ్యారేజీలోకా అని అడిగాడు. బయటికే అని ఠక్కున చెప్పాను. గ్యారేజీలోకైతే మాత్రం జాగ్రత్త, సంచి ఊడిందంటే దుమ్మంతా అక్కడే కక్కుతుందని ఆయన చెబుతూనే ఉన్నాడు. ఇన్ని ప్రశ్నలు అడిగేవాడు వ్యాపారమేం చేస్తాడని విసుక్కుని నేను బయటికొచ్చేశాను.

ఆన్‌లైన్‌లో ఈ ప్రశ్నలు ఉండవు. బొమ్మ చూసి, అచ్చం ఇలాగే ఉంటుంది అనుకుని నొక్కేయడమే. మొదటి గొట్టం మూతి గోడ కన్నంలో దూరలేదు. రెండోది దూరింది కానీ బిగుసుకుని బయటికి రాలేదు, నేనూ రాధికా చెరో పక్కా నిలబడి లాగాల్సి వచ్చింది. మూడోది కుదిరింది. బ్రష్షు విడిగా, దాని బెల్టు విడిగా, బెల్టుకి తొడిగే క్లిప్పు విడిగా. ఒక్కొక్కటీ ఒక్కొక్క పెద్ద పెట్టెలో వచ్చింది. క్లిప్పు చిటికెన వేలంత, అది వచ్చిన పెట్టెలో మా ఇంటి కుక్కరు పడుతుంది. ఆ రెండు వారాలూ నేను ఆఫీసు పని చేశానో, పెట్టెలు విప్పి, కట్టి, వెనక్కి పంపే పని చేశానో మా మేనేజర్‌కే తెలియాలి.

సంచి మాత్రం వ్రతానికి రెండు రోజుల ముందు వచ్చింది. అన్ని రకాలకీ సరిపోయే సంచి అని రాసుంది. ఆ రాసినవాణ్ణి ఇప్పటికీ వెతుకుతున్నాను. సంచికుండే అట్టముక్క కన్నం పెద్దది, డ్రమ్ములో గొట్టం సన్నది. తొడిగితే చిన్నపిల్లాడికి వాళ్ళ నాన్న చొక్కా వేసినట్టు జారిపోతోంది. వెనక్కి పంపి ఇంకోటి తెప్పించే టైము లేదు. ప్యాకింగ్ టేపు తెచ్చి ఏడు చుట్లు చుట్టాను. నమ్మకం చాలక పైన పురికొస కట్టాను. ఆ పైన దేవుడున్నాడు అనుకున్నాను.

"సంచి సరిగ్గా పట్టిందా?" అంది రాధిక.

"పట్టేసింది," అన్నాను.

టెస్ట్ కూడా చేశాను. నేను ఉద్యోగరీత్యా సాఫ్ట్‌వేర్ టెస్టర్ని, ఇతరుల తప్పులు పట్టడానికే నాకు జీతం ఇస్తారు. గొట్టం చివర అరచెయ్యి పెట్టాను, గట్టిగా లాగింది. పది సెకన్లలో ఆపేసి పాస్ అని రాసేసుకున్నాను. ఒక చివర పీలుస్తోందని చూశానే గానీ రెండో చివర ఎటు ఊదుతుందో చూడలేదు. ఇల్లంతా ఆ వాక్యూమ్‌తో ఊడ్చావా అంటే, లేదు. దాని ప్రారంభోత్సవం జనం ముందు చేయాలని ఉంది నాకు. అందుకని ఎవరికీ కనపడకుండా మామూలు వాక్యూమ్‌తో ఊడ్చేశాను.

వ్రతం రోజు వచ్చింది. మన వాళ్ళింట్లో పెద్ద భోజనాలంటే గ్యారేజీయే కదా. కార్లు వీధిలో పెట్టి, కింద చాపలు పరిచి, బల్లలు వేసి, రేకు ట్రేలు వరసగా పెట్టాం. గుత్తివంకాయ, దొండకాయ వేపుడు, గోంగూర పప్పు, పులిహోర, మజ్జిగ పులుసు, బొబ్బట్లు, దద్ధోజనం, పరమాన్నం. బల్లలు ఎక్కడ వేయాలా అని చూసి, సరిగ్గా ఆ డ్రమ్ము కిందే వేశాను. డ్రమ్ము పక్కనుంచి ఒక లావు గొట్టం కిందకి వంగి, తెల్లటి మూతితో బల్లకేసి చూస్తోంది. దాన్ని అడ్డంగా ఉందనుకున్నానే తప్ప ఎందుకుందని అడగలేదు.

పూజ అయింది. జనం గ్యారేజీకి దిగుతున్నారు. హాల్లో కార్పెట్ నిండా అక్షింతలు, పసుపు, కుంకుమ, పూలరెక్కలు. నా స్నేహితుడు శ్రీకాంత్ అది చూసి, "ఇంత పెద్దిల్లు కొన్నవ్, ఎట్ల ఊడుస్తవన్నా ఇదంతా?" అన్నాడు. పాపం మామూలుగానే అన్నాడు. నేను మాత్రం నెల నుంచి ఆ ప్రశ్న కోసమే కాచుక్కూర్చున్నాను.

గ్యారేజీకి వెళ్తున్న రాధిక ఆగి, అందరూ వెళ్ళాక చేయమని మెల్లగా చెప్పింది. రెండే నిమిషాలన్నాను. గొట్టం తెచ్చి గోడలో గుచ్చాను, స్విచ్చి నొక్కాను. అక్షింతలు గలగలమని గోడలోకి పోతున్నాయి. "సౌండే లేదన్నా," అన్నాడు శ్రీకాంత్. మోటారు గ్యారేజీలో ఉంటే ఇక్కడ సౌండ్ ఎందుకుంటుందని నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. పిల్లలు పరిగెత్తుకొచ్చి పూలరెక్కలు అందించడం మొదలుపెట్టారు. కుంకుమ భరిణె ఒలికిన చోట నేను ఇంకాస్త శ్రద్ధగా రుద్దాను.

గ్యారేజీలోంచి ధబ్‌మని చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత తెలిసింది, మా పక్కవీధి రావు గారు అది పార్టీల్లో పేల్చే కాగితాల గొట్టం అనుకున్నారట. ఆ తర్వాత రాధిక గొంతు వినిపించింది.

"ఆపండి."

భోజనానికి పిలుస్తోందనుకున్నాను. "ఇంకో రెండు నిమిషాలు," అని కేకేసి, సోఫా కింద కూడా ఊడ్చాను. అవునండీ, సోఫా కింద కూడా.

శ్రీకాంత్ వెళ్ళి చూసి తిరిగొచ్చి, నా చేతిలోంచి గొట్టం తీసుకుని స్విచ్చి ఆపేశాడు. నేను గ్యారేజీ తలుపు తీశాను. సంచి ఊడిపోయి, ఆ పాత ఇంటి గోడల్లో ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్మంతా మోటారులోంచి దూరి ఆ తెల్ల మూతిలోంచి బల్ల మీదకి వచ్చేసింది. పులిహోర బూడిద రంగులో ఉంది. దద్ధోజనం మీద కుంకుమ పడి గులాబీ రంగుకి తిరిగింది. నలభై మందీ ఎవరు ఎవరో గుర్తుపట్టలేనట్టున్నారు. బల్ల ముందు విజయలక్ష్మి గారు. మీగడ రంగు పట్టుచీర అని పొద్దున చూశాను కాబట్టి చెప్పగలుగుతున్నాను. ఆవిడ చేతిలో పళ్ళెం, అందులో ఇంకా తుంచని బొబ్బట్టు. రెండుసార్లు తుమ్మి, నెమ్మదిగా నన్ను అడిగారు.

"ప్రసాద్ గారూ, ఇది మీ దుమ్మా, ఆ పాత ఓనర్లదా?"

తెలియదు అంటే పోయేది. "కొంత కొంత అండీ," అన్నాను.

రాధిక లోపలికి వెళ్ళిపోయింది. వెనకే వెళ్ళాను. వంటింట్లో నా వైపు తిరిగి నిలబడింది. అరిచినా బాగుండేది.

"సంచి పట్టిందా అని అడిగినాను మిమ్మల్ని."

"టేపు వేశాను, అది..."

"పట్టిందా, లేదా?"

"పట్టలేదు."

"రెండు రోజులు నిలబడి చేసినాను. ఈ ఊర్లో నాదంటూ ఒక్క పని దొరికేది," అంది. కళ్ళు తుడుచుకుంది. నాకు ఆ క్షణంలో ఆ డ్రమ్ములో దూరి మూత వేసుకోవాలనిపించింది. చేసింది నేను, పోయింది ఆవిడ కష్టం. ఏం చేయమంటావని అడిగాను. ఏమీ ముట్టుకోవద్దంది.

తర్వాత అల్మారా తెరిచింది. మా ఇంట్లో బియ్యం లేని రోజు ఉండొచ్చేమో గానీ బొరుగులు, అంటే మరమరాలు, లేని రోజు ఉండదు, కర్నూలు మనిషి కదా. ఉన్న ప్యాకెట్లన్నీ దించి పెద్ద గిన్నెలో నీళ్ళు పోసింది. శ్రీకాంత్‌ని పిలిచి చేతులు కడుక్కుని బొరుగులు పిండమంది. పచ్చిమిర్చి, టమాటా తరిగింది, వ్రతం రోజని ఉల్లిపాయ మానేసింది. పోపు వేసి, పసుపు వేసి, బొరుగులు కలిపి, పుట్నాల పొడి చల్లి, నిమ్మకాయ పిండింది. ఉగ్గాణి. అది టిఫినేగా, అతిథులకేం పెడతామని ఇన్నాళ్ళూ ఆవిడ ఎవరికీ పెట్టలేదు. అరగంటలో నలభై పళ్ళేలూ నిండాయి. జనం మొహాలు కడుక్కుని మెట్ల మీద, సోఫాల మీద, నేను అంత శుభ్రంగా ఊడ్చిన కార్పెట్ మీద కూర్చుని తిన్నారు. నాకు పళ్ళెం ఎవరూ ఇవ్వలేదు, అడిగే మొహం నాకూ లేదు.

ఆ అరగంటా విజయలక్ష్మి గారు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నారు. రెండోసారి పెట్టించుకుని తిన్నాక రాధిక భుజం మీద చెయ్యి వేశారు.

"బాగా వండేవాళ్ళు నాకు బోలెడుమంది ఉన్నారమ్మా. వండిందంతా పోయాక మళ్ళీ స్టవ్ ముట్టించే మనిషిని ఇవాళే చూశాను. ఉగాది వంట నువ్వే చేయించాలి. ఇది కూడా పెట్టు."

రాధిక తలూపింది. విజయలక్ష్మి గారు కొంగుతో చీర దులుపుకుంటూ నా వైపు చూశారు. "ఒక్కటే కండిషన్..." అని ఆగారు.

"ఆయన రారండీ," అంది రాధిక.

ఉగాది రోజు గుళ్ళో దర్శనం వరకు నన్ను రానిచ్చారు. భోజనాల హాలు గుమ్మం దగ్గర ఇద్దరు వాలంటీర్లు ఎంతో మర్యాదగా ఆపారు. నా ఉగ్గాణి పార్కింగ్‌లో ఉన్న కారు దగ్గరికి వచ్చింది, పైన రేకు కాగితం గట్టిగా మూసి. అక్కడే నిలబడి తింటూ ఈ ప్రతిజ్ఞ చేశాను. ప్రసాద్ అనబడే నేను, ఇకపై ఏ సంచీ బొమ్మ చూసి కొననని, కొన్నదానికి టేపు చుట్టనని, ఎవరైనా నాకు తెలియనిది అడిగితే తెలియదనే చెబుతానని ఆ పళ్ళెం మీద ప్రమాణం చేస్తున్నాను. అంతలో పక్క కారాయన, ఇది భలే ఉందే, ఎలా చేస్తారండీ అని అడిగాడు. చెప్పడానికి నోరు తెరిచాను. ఒకసారి హాలు గుమ్మం వైపు చూసుకున్నాను.

"తెలియదండీ," అన్నాను.